రక్తంలో కాపలాదారులు ప్లేట్‌లెట్లు

ప్లేట్‌లెట్లు పూర్తి కణాలు కావు. ఎముక మజ్జలోని మెగాకారియోసైట్లనే పెద్ద కణాల నుంచి తెగిపడే ముక్కలు. కేంద్రకం లేని ఈ ముక్కల వెడల్పు 2 నుంచి 3 మైక్రాన్లు, ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఆరోగ్యవంతుల రక్తంలో మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. దెబ్బతిన్న రక్తనాళానికి ఇవి అతుక్కుంటాయని 1882లో ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజొజెరో వివరించాడు. ఆ తర్వాత చాలాకాలం వీటికి రక్తాన్ని గడ్డకట్టించడమే పనిగా భావించారు.

కానీ సూక్ష్మజీవుల ఆనవాళ్లను పసిగట్టే టోల్ తరహా గ్రాహకాలు ప్లేట్‌లెట్ల మీదా ఉన్నాయి. బ్యాక్టీరియా చేరిన గాయం దగ్గర ప్లేట్‌లెట్ మేలుకోగానే బిళ్లలాంటి ఆకారం పోయి, చుట్టూ సన్నని కాళ్లు చాస్తుంది. లోపలి రేణువుల్లో దాగిన పి-సెలెక్టిన్ అనే ప్రొటీన్ పైకి తేలుతుంది. రక్తంతో పాటు కొట్టుకుపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్లకణం దానికి తగులుకుని నెమ్మదిస్తుంది. అదే సమయంలో రేణువుల నుంచి వెలువడే రసాయన సంకేతాలు మరిన్ని తెల్లకణాలను అక్కడికి రప్పిస్తాయి. తీవ్ర ఇన్‌ఫెక్షన్‌లో ఇలా మేలుకొన్న ప్లేట్‌లెట్లు అతుక్కుంటే న్యూట్రోఫిళ్లు తమ డీఎన్ఏనే జాలరి వలలా విసిరి బ్యాక్టీరియాను బంధిస్తాయని 2007లో కెనడా పరిశోధకులు చూపారు. ప్లేట్‌లెట్లు స్వయంగా పాకుతూ, దారిలోని బ్యాక్టీరియాను పోగుచేస్తాయని 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు గుర్తించారు. కేంద్రకం కూడా లేని ముక్కకు ఇంత పనితనం ఉండటం నిజంగా అబ్బురమే.

అయితే ఈ పోరు హద్దు మీరితే శరీరానికే చేటు. ఇన్‌ఫెక్షన్‌కు శరీర ప్రతిస్పందన అదుపు తప్పే సెప్సిస్‌లో ప్లేట్‌లెట్లు, డీఎన్ఏ వలలు కలిసి సన్నని నాళాలను మూసేయడంతో ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. కీళ్లవాతం రోగుల కీళ్ల ద్రవంలోనూ ప్లేట్‌లెట్ల తునకలు కనిపించాయి.

తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం రాగానే డెంగీ సోకిన ఇళ్లలో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల 'కౌంట్' మీదే ఉంటాయి. నిజానికి వైరస్ ప్రేరేపించిన ప్లేట్‌లెట్లు ఇంటర్‌ల్యూకిన్-1బీటా అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా బయటికి కారడానికి అదీ ఒక కారణం. అందుకే కౌంట్‌తో పాటు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), బీపీ, కడుపునొప్పి, ఆగని వాంతులను గమనించడం ముఖ్యం. సింగపూర్, మలేసియాల్లో డెంగీ సోకిన పెద్దలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వాటి ప్రకారం, కౌంట్ మైక్రోలీటరుకు 20,000కు పడిపోయినా పెద్ద రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి.