బరువెత్తే పాదానికి ఏ బూటు?

పిల్లలూ! బరువులెత్తే వస్తాదుకు బలం ఎక్కడ ఉంటుంది? కొందరు భుజాల్లో అంటారు, మరికొందరు తొడల్లో అంటారు. రెండూ నిజమే. కాని ఆ బలమంతా అక్కరకు రావాలంటే పాదాల కింద గట్టి ఆధారం ఉండాలి.

కావాలంటే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. మీ పుస్తకాల సంచిని గచ్చుమీద నిలబడి ఎత్తండి. తరువాత మెత్తని దూదిపరుపు మీద నిలబడి అదే సంచిని మెల్లగా ఎత్తండి. సంచి బరువు మారలేదు, మీ చేతులూ మారలేదు. అయినా రెండోసారి చీలమండలు అటూ ఇటూ ఊగుతాయి, ఒళ్లు తూలకుండా చూసుకోవడమే పెద్ద పని అవుతుంది.

ఎందుచేత? మనం నేలను ఎంత బలంగా కిందికి తొక్కితే, నేల మనను అంత బలంగానూ పైకి నెడుతుంది. ఇది న్యూటన్ చెప్పిన మూడవ సూత్రం. పరుపు మీద నిలబడినప్పుడు మనం తొక్కిన తొక్కుడులో కొంత దూదిని అణచడానికే పోతుంది. పైగా ఆ దూది అంతటా ఒక్కలాగే అణగదు. అందుకే పాదం ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలో మరిపెడ అనే ఊరున్నది. 2016 దాకా అది వరంగల్లు జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉన్నది. ఆ ఊళ్లో ఒక కుర్రవాడు వ్యాయామశాలలో చేరాడనుకుందాం. వాళ్ల నాన్న ముచ్చటపడి, దుకాణంలో ఉన్న వాటిలోకల్లా మెత్తనివీ, ఖరీదైనవీ అయిన బూట్లు కొనిపెట్టాడు. కుర్రవాడు వాటితోనే బరువులెత్తుతున్నాడు. పాపం, అతడు డబ్బు పెట్టి రెండు చిన్న పరుపులు కొని కాళ్లకు కట్టుకున్నాడన్నమాట!

మెత్తని బూట్లు చెడ్డవని కాదు. అవి పరుగుకోసం చేసినవి. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకూ మన ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ పాదంమీద పడుతుంది. ఆ దెబ్బను మింగడానికే బూటు అడుగున మెత్తని పొర వేస్తారు. బరువెత్తేటప్పుడు అలాంటి దెబ్బ ఉండదు. అక్కడ కావలసింది నిలకడ. ఆ నిలకడ లేకపోతే చీలమండ ఒరుగుతుంది, దానితో మోకాలు లోపలికి వంగుతుంది, ఆ భారం చివరకు నడుముమీద పడుతుంది.

పెద్ద పోటీలలో ఎత్తేవారు ఏం తొడుక్కుంటారో చూద్దాం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి పేరు మీరు వినే ఉంటారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో, 69 కిలోల తరగతిలో ఆమె కంచుపతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ వనిత ఆమే. స్త్రీలకు ఒలింపిక్సులో బరువులెత్తే పోటీ పెట్టడం కూడా అదే మొదటిసారి. స్నాచ్ పద్ధతిలో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తింది.

130 కిలోలంటే రెండు సిమెంటు బస్తాలకన్నా ఎక్కువే! దానికి ఒంటి బరువు కూడా కలిపితే, దాదాపు 200 కిలోలు రెండు పాదాలమీద నిలిచాయన్నమాట. అటువంటప్పుడు బూటు అడుగు గోరంత ఒరిగినా కష్టమే. అందుకే ఈ పోటీలలో పాదానికి రక్షణా, నిలకడా ఇచ్చే బూట్లు తొడుక్కోవాలని నియమమే ఉన్నది.

ఈ బూట్ల అడుగు అణగదు. మడమ కింద మాత్రం సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. వెనకటి రోజుల్లో ఆ మడమను కొయ్యతోనో, తోలు పొరలతోనో చేసేవారు. పాదం లోపల జారకుండా పైన అడ్డపట్టీ కూడా ఉంటుంది.

మడమ ఎత్తు ఎందుకు? ఇంకో పరీక్ష చేయండి. గోడ పట్టుకుని, మడమలు నేలకు ఆనించి, గొంతుక్కూర్చోండి. తరువాత మడమల కింద వేలెడు మందం చెక్క పెట్టుకుని మళ్లీ కూర్చోండి. (పుస్తకాలు మాత్రం పెట్టకండేం!) రెండోసారి వీపు ఇంకా నిటారుగా నిలుస్తుంది. మోకాలు ముందుకు వంగడానికి చీలమండకు వీలు దొరికింది గనక అలా జరుగుతుంది. అయితే ఈ మడమ ఎత్తు అన్ని కసరత్తులకూ అక్కరలేదు. నేలమీది కమ్మీని తొడలదాకా లేపే కసరత్తుకు చదునైన, పలచని అడుగే మేలు.

మరి మన మరిపెడ కుర్రవాడు ఏం కొనాలి? కొత్తగా నేర్చుకునేవాడికి చదునైన, గట్టి అడుగున్న మామూలు కాన్వాసు బూట్లు చాలు. దుకాణంలో ఇలా పరీక్షించవచ్చు:

బూటు లోపల మడమ ఆనేచోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. పరుపులాగా దిగిపోతే అది బరువులకు పనికిరాదు. బూటును రెండు చేతులతో తడిగుడ్డలాగా మెలిపెట్టండి. సులువుగా మెలిపడకూడదు. వెనుక మడమను పట్టుకునే గోడ గట్టిగా ఉండాలి. ముందువైపు కాలివేళ్లు విప్పారడానికి వెడల్పు ఉండాలి.

సాయంత్రంపూట కొనడం మంచిది, పగలంతా నడిచి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ అందరికీ సరిసమానంగా ఉండవు. అందుచేత రెండు కాళ్లకూ తొడిగి, లేచి నిలబడి చూడాలి. మడమ జారకూడదు, వేళ్లు ముడుచుకోకూడదు.

ఉత్త కాళ్లతో ఎత్తకూడదా అంటారేమో. నిలకడ మాటకు వస్తే ఉత్త కాళ్లు మంచివే. మన తాలింఖానాలలో దండీలూ బస్కీలూ అలాగే తీశారు. కాని ఇనపబిళ్లల మధ్య నడిచేటప్పుడు వేళ్లకు దెబ్బ తగలవచ్చు. ఆ మాటకు వస్తే, పెద్ద బిళ్ల మీద పడితే కాన్వాసు బూటు కూడా కాపాడలేదు. కనుక బిళ్లలు సరిగా బిగించడమూ, బరువు కింద పాదం పెట్టకపోవడమూ అన్నిటికన్నా ముఖ్యం.

తలిదండ్రులకు ఒక మాట: ఎదిగే పిల్లల పాదాలు కూడా ఎదుగుతూనే ఉంటాయి. ఈ ఏడు కొన్న ఖరీదైన బూటు వచ్చే ఏటికి బిగుతైపోతుంది. ఆ డబ్బుతో దగ్గరుండి పద్ధతి నేర్పే మంచి గురువు దొరికితే అదే లాభం. ముందు పద్ధతి, తరువాత బరువు, ఆ తరువాతనే ప్రత్యేకమైన బూటు.

పాదంలో 26 ఎముకలున్నాయి. అవన్నీ కలిసి కమానుల్లాగా నిలబడి మన బరువు మోస్తున్నాయి. మంచి బూటు వాటి పనికి అడ్డం రాదు, గట్టి నేలలాగా కింద నిలుస్తుంది. ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు, బూటు రంగు చూడటానికి ముందు దాని అడుగును బొటనవేలితో నొక్కి చూడండి!