మన కుర్రవాళ్లు, పొగాకు పొట్లాలు

ఇంటికి చుట్టం వస్తాడు. ఇంటి పెద్ద చిల్లర డబ్బులు పిల్లవాని చేతిలో పెట్టి, "పో నాయనా, మామకు ఒక బీడీ కట్ట పట్టుకొని రా" అంటాడు. పిల్లవాడు పరుగున పోయి తెస్తాడు. మర్యాద కొరకు జరిగే ఈ చిన్న పనిలో తప్పు మనకెవ్వరికీ కనిపించదు. షోలాపురంలో గాని, భివండీలో గాని, ఇంకెక్కడ గాని స్థిరపడిన మన నేత కుటుంబాలలో ఇది ఎరుగని ఇల్లు ఉండదు. నేను చెప్పబోయేది ఆ పిల్లవానిని గురించే.

దేశంలో 13 మొదలు 15 సంవత్సరాల వయస్సు గల బడిపిల్లలలో పొగాకు వాడకం ఎంత ఉన్నదో ప్రభుత్వం సర్వే చేయించింది. 2009లో నూటికి 14.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతుండగా, 2019 నాటికి ఆ సంఖ్య 8.5కు దిగినది. మగపిల్లలలో 9.6, ఆడపిల్లలలో 7.4. కర్ణాటకలో నూటికి 1.2 మంది మాత్రమే. ఒక్క హిమాచల్ ప్రదేశ్‌లో తప్ప అంతకంటె తక్కువ మరెక్కడా లేదు. ఇది నిస్సందేహంగా మంచి వార్త.

అయితే అది బడిలో జరిగిన సర్వే. ఆ దినం తరగతిలో కూర్చున్న పిల్లలకే ప్రశ్నాపత్రాలు ఇచ్చారు. చదువు మధ్యలో చాలించి మరమగ్గాల కార్ఖానాలో కండెలు అందించడానికి చేరిన మన కుర్రవాడు ఆ లెక్కలో లేడు. వానిలో అలవాటు తగ్గినదో పెరిగినదో ఆ అంకెలు చెప్పవు. కనుక మనమే చూచుకోవాలి.

రాత్రి పాళీ సంగతి మన సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. పన్నెండు గంటలు నిలబడాలి. తెల్లవారుజామున కన్ను మూతపడుతుంది. పోగు తెగినది చూడకుంటే బట్ట చెడుతుంది, చెడిన బట్టకు కూలిలో కోత పడుతుంది. పక్క మగ్గం మీది అన్న పొట్లం చింపి తాను కొంత దవడలో వేసుకొని, మిగిలినది కుర్రవాని చేతిలో పోసి, "వేసుకోరా, నిద్ర రాదు" అంటాడు. అతనికి దురుద్దేశం లేదు. అతనికీ ఎవరో అట్లాగే నేర్పారు. నికొటిన్ కాసేపు మెలకువ ఇచ్చే మాట నిజమే. ఆ కాసేపు గడవగానే ఒళ్లు మరల అడుగుతుంది. ఎదిగే వయస్సులోని మెదడు ఈ అలవాటును పెద్దవారికంటె త్వరగా పట్టుకొంటుంది, ఆలస్యంగా వదులుతుంది.

మన తాతల కాలంలో చుట్ట ఉండేది, బీడీ ఉండేది, ముక్కుపొడుం ఉండేది. కాని కుర్రవాడు చాటున బీడీ కాల్చినా ఇంట్లో అడుగు పెట్టగానే వాసన పట్టిచ్చేది. తండ్రి చేతి దెబ్బ పడేది. 1980ల నుండి గుట్కా పొట్లాలు చవకగా ఊరూరా దిగాక ఆ కట్టు తెగిపోయింది. పొగ లేదు, అగ్గిపెట్టె అక్కరలేదు, జేబులో ఇమిడిపోతుంది. మహారాష్ట్రలో 2012లోను, కర్ణాటక, ఒడిషాలలో 2013లోను గుట్కాను నిషేధించారు. వ్యాపారులు పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరొక పొట్లంలో పెట్టి పక్కపక్కనే వేలాడదీశారు. రెండూ కలుపుకొనే పని కుర్రవానిదే. పొగాకు లేని పాన్ మసాలా మంచిదే గదా అనేవారున్నారు. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది.

పైన చెప్పిన 2019 సర్వేలోనే నన్ను ఎక్కువగా కలవరపెట్టిన అంకెలు వేరే ఉన్నవి. పొగాకు రుచి చూచిన పిల్లలలో సగంమంది మొదలుపెట్టిన వయస్సు సిగరెట్టుకు పదకొండున్నర ఏండ్లలోపు, బీడీకి పదిన్నర లోపు, నమిలే పొగాకుకు పదేండ్లు కూడా నిండకముందు. పదేండ్ల పిల్లవాడు ఏ రాత్రి పాళీలోనూ లేడు. వాడు మన ఇంట్లో, మన కళ్లముందే ఉన్నాడు.

షోలాపురంలో మన మగవారు మరమగ్గాల మీద ఉంటే, అమ్మలు అక్కలు ఎందరో ఇంటివద్ద బీడీలు చుడుతున్నారు. ఆ కూలి లేకుంటే గడవని ఇండ్లున్నవి. దానిని తప్పుపట్టే అధికారం నాకు లేదు. కాని పొగాకు చేట నేలమీద ఉంటే దాని పక్కనే పాకి పెరిగిన బిడ్డకు అది బియ్యం చేట వంటిదే అవుతుంది. చేటను పిల్లలకు అందనంత ఎత్తున పెట్టడం, వారిచేత ఆకు కత్తిరించనీయకపోవడం మన చేతిలోని పని. పండ్లు తోమడానికి మిశ్రీ వాడే ఇండ్లలో పంటినొప్పి అన్న బిడ్డకూ అదే పెట్టడం మానాలి. మిశ్రీ అంటే కాల్చి పొడిచేసిన పొగాకే.

ఇక చుట్టానికి బీడీ కట్ట సంగతి. 2003 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. పిల్లవానిని మనమే పంపితే, చట్టం మూసిన దారిని మనమే తెరచినట్లు. పెద్దవాడు తానే నడిచి పోయి తెచ్చుకోవాలి. చుట్టం నొచ్చుకుంటాడేమో, నొచ్చుకోనివ్వండి.

ఇప్పటికే అలవాటు పడిన కుర్రవానిని కొట్టి లాభం లేదు. మానిన మొదటి కొద్ది దినాలు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా ఉంటవి. రెండు నుండి నాలుగు వారాలలో చాలవరకు సర్దుకొంటవి. వీలైతే ఆ వారాలు రాత్రి పాళీ తప్పించండి. పొగాకు మాన్పించడానికి సలహా ఇచ్చే ప్రభుత్వ ఉచిత ఫోను 1800-11-2356. మద్యం, మాదకద్రవ్యాల విషయమైతే 14446. జిగురు, థిన్నర్ వంటివి పీల్చే అలవాటును కూడా కనిపెట్టి ఉండాలి. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో పెద్దలకంటె పిల్లలలో హెచ్చుగా కనబడిన మత్తు అదొక్కటే, పెద్దలలో నూటికి 0.58 అయితే 10 నుండి 17 ఏండ్లవారిలో 1.17.

ఈ పూట అన్నం తినేటప్పుడు కుర్రవానిని నోరు పెద్దగా తెరవమనండి. వాని మూడు వేళ్లు నిలువుగా పండ్ల మధ్య పట్టకపోయినా, కారం తగిలితే నోరు మండుతున్నదన్నా, పొట్లం వేసుకొంటున్నావా అని మెల్లగా అడిగి, ఆ వారంలోనే పండ్ల డాక్టరు వద్దకు తీసుకొనిపోండి.