గాల్లో ఉండగా ఫోన్ చేయొచ్చా? అపోహలు – వాస్తవాలు

విమానం రన్‌వే వైపు కదలగానే వినిపించే ‘ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోండి’ అన్న మాట అందరికీ కంఠతా వచ్చు. ఎందుకని అడిగితే మాత్రం తలా ఒక కారణం చెబుతారు. ఆ కారణాల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఒక్క కాల్ చేస్తే చాలు, విమానం కూలిపోతుంది.

వాస్తవం: ఫలానా ప్రయాణికుడి ఫోన్ వల్లే కూలిందని దర్యాప్తులో రుజువైన విమానం ఒక్కటీ లేదు. 2003లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక చిన్న విమానం కూలినప్పుడు అనుమానం పైలట్ సొంత ఫోన్ మీదికి వెళ్లింది. అప్పుడు కూడా దర్యాప్తు అధికారులు ‘ప్రభావం చూపి ఉండొచ్చు’ అన్నంతవరకే ఆగారు. అలాగని ఏమీ కాదన్న ధీమా కూడా తగదు. టవర్ దూరమైనకొద్దీ ఫోన్ మరింత శక్తితో సిగ్నల్ పంపుతుంది. జీఎస్‌ఎం ఫోన్లు పైలట్ల హెడ్‌సెట్లలో గరగరమనే చప్పుడు పుట్టించగలవు. టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో నేల మీది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) చెప్పే ప్రతి ముక్కా స్పష్టంగా వినపడాలి కాబట్టే ఈ జాగ్రత్త.

అపోహ: ఈ నిషేధమంతా విమానాన్ని కాపాడటానికే పుట్టింది.

వాస్తవం: గాల్లో సెల్‌ఫోన్లు వాడకూడదని 1991లో అమెరికాలో రూలు పెట్టింది టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ. దాని బెంగ నేల మీది నెట్‌వర్క్ గురించి. ఒకే ఫ్రీక్వెన్సీని వేర్వేరు ప్రాంతాల్లో మళ్లీ మళ్లీ వాడుకుంటేనే సెల్ నెట్‌వర్క్ నడుస్తుంది. అంత ఎత్తు నుంచి వచ్చే సిగ్నల్ ఒకేసారి ఎన్నో టవర్లకు తగిలి ఆ ఏర్పాటునే చెదరగొడుతుంది. ఈ నిషేధాన్ని సడలిద్దామని 2013లో ఎఫ్‌సీసీయే ప్రతిపాదించింది, 2020లో ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది. విమాన భద్రత కోసం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టిన నిబంధనలు వేరే ఉన్నాయి.

అపోహ: రూలు లేకపోతే 35 వేల అడుగుల ఎత్తులోనూ హాయిగా మాట్లాడుకోవచ్చు.

వాస్తవం: 35 వేల అడుగులంటే పదిన్నర కిలోమీటర్లు. టవర్‌కు ఆ దూరం లెక్కలోది కాదు. అసలు ఇబ్బందులు వేరు. టవర్ల యాంటెన్నాలు నేల మీదివాళ్ల కోసం కాస్త కిందికి వంచి ఉంటాయి. విమానం లోహపు ఒళ్లు సిగ్నల్‌ను బలహీనపరుస్తుంది. పైగా గంటకు 900 కిలోమీటర్ల వేగంలో కాల్‌ను ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు అప్పగించడం కష్టం. ఉదాహరణకు, 2001 సెప్టెంబరు 11న హైజాక్ అయిన యునైటెడ్ 93 విమానంలోంచి వెళ్లిన 37 కాల్స్‌లో 35 సీట్ల వెనుక అమర్చిన ఎయిర్‌ఫోన్ల నుంచి వెళ్లినవే. సెల్‌ఫోన్ల నుంచి వెళ్లినవి రెండే, అవీ విమానం బాగా కిందికి దిగాక.

అపోహ: గాల్లో మామూలు సెల్‌ఫోన్‌తో మాట్లాడటం ఎక్కడా కుదరదు.

వాస్తవం: 2008 మార్చి 20న దుబాయ్ నుంచి కాసాబ్లాంకా వెళ్తున్న ఎమిరేట్స్ విమానంలో అధికారికంగానే కాల్స్ మొదలయ్యాయి. కిటుకు పికోసెల్‌లో ఉంది. అది విమానంలోనే ఉండే బుల్లి టవర్. ఫోన్ దానితో అతి తక్కువ శక్తితో మాట్లాడితే, అది ఉపగ్రహం ద్వారా కాల్‌ను నేలకు చేరుస్తుంది. మన దేశంలోనూ 2018 డిసెంబరులో వచ్చిన నిబంధనలు 3,000 మీటర్ల ఎత్తు దాటాక ఇలాంటి సేవలకు దారి ఇచ్చాయి.

అపోహ: 5జీ గొడవ కూడా ప్రయాణికుల ఫోన్ల వల్లే వచ్చింది.

వాస్తవం: 2022 జనవరిలో 5జీ భయంతో ఎయిరిండియా కొన్ని అమెరికా సర్వీసులను రద్దు చేసింది నిజమే. కానీ ఆ భయం విమానాశ్రయాల చుట్టూ నేల మీద వెలిసిన 5జీ టవర్ల గురించి. విమానం ఎంత ఎత్తులో ఉందో కొలిచే రేడియో ఆల్టిమీటర్ 4.2–4.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, అమెరికా 5జీ దానికి దగ్గర్లోకి వచ్చింది. మన 5జీ 3.3–3.67 గిగాహెర్ట్జ్‌లో, అంటే దానికి కాస్త దూరంగా ఉన్నా, రన్‌వే చివరల నుంచి 2.1 కిలోమీటర్ల వరకు ఆ టవర్లు పెట్టొద్దని 2022 నవంబరులో కేంద్రం ఆపరేటర్లకు చెప్పింది.

అపోహ: వైఫై ఉంటే వాట్సాప్ కాల్ కూడా చేసుకోవచ్చు.

వాస్తవం: మెసేజ్‌లకు ఒప్పుకునే చాలా ఎయిర్‌లైన్స్ మాటలకు ఒప్పుకోవు. ఇక్కడ సాంకేతిక అడ్డంకి కన్నా పక్క సీటువాళ్ల ప్రశాంతతే ముఖ్యం. ముందు ఫ్లైట్ మోడ్ పెట్టి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేయాలి. పికోసెల్ ఉన్న అంతర్జాతీయ విమానంలో ఫ్లైట్ మోడ్ మరిచిపోతే, రోమింగ్ ఆన్‌లో ఉన్న ఫోన్ తనంతట తానే ఆ నెట్‌వర్క్‌లో చేరొచ్చు. మీరు కునుకు తీస్తుండగానే యాప్‌లు డేటా లాగేస్తాయి, రోమింగ్ బిల్లు మీ పేరున వస్తుంది. అందుకే ఎక్కేముందే మూడు సంగతులు కనుక్కోండి: ఈ విమానంలో ఏ నెట్‌వర్క్ ఉంది? అందులో కాల్స్‌కు అనుమతి ఉందా? మీ ప్యాక్‌లో దాని ఖర్చు కలిసి ఉందా?