అరటి డాగుకు ముందు పులుపు, తర్వాతే సబ్బు

(రావులపాలెం నుంచి మా విలేఖరి)

అరటిగెల కోయగానే కాడ నుంచి బొట్లు బొట్లుగా కారే పసరు చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. తెల్లచొక్కా మీద పడినా ఆ క్షణాన ఎవరూ గుర్తించరు. సాయంత్రానికి గోధుమరంగు తిరుగుతుంది. సబ్బుతో ఒక ఉతుకు పడిందంటే నల్లబడి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎంత బాదినా చొక్కా చిరుగుతుందే తప్ప డాగు వదలదు.

కోనసీమ లంక గ్రామాల్లో ఇది ఇంటింటి బాధ. ఆత్రేయపురం, ఆలమూరు, కొత్తపేట ప్రాంతాల తోటల నుంచి రావులపాలెం మార్కెట్‌కు గెలలు సైకిళ్ల మీద, ఆటోల మీద వస్తుంటాయి. కర్పూరమైనా, చక్కెరకేళి అయినా, కూరకు వాడే బొంత అయినా డాగు విషయంలో తేడా లేదు. గెల కోసేవారికి, గట్టు దాకా మోసేవారికి, లారీకెత్తే కూలీలకు అందరి భుజాల మీదా అదే మచ్చ. కూలి లెక్కలో చొక్కా ఖరీదు ఉండదు కదా! అందుకే పనికి వెళ్లేవారు ఒక పాత చొక్కా, పాత లుంగీ విడిగా ఉంచుకుంటారు. బడికి వెళ్లే పిల్లవాడు యూనిఫాంతోనే తోటలో దూరినప్పుడు, పెళ్లి పందిరికి బోదెలు కట్టేవారు మంచి బట్టలతోనే ఆ పనికి దిగినప్పుడు వస్తుంది అసలు చిక్కు.

నింద ఎవరిమీద?

ఈ వ్యవహారంలో అన్యాయంగా మాటపడేది బట్టలుతికేవారు. మూట వేసేటప్పుడు చొక్కా తెల్లగానే ఉంటుంది. సోడా వేసి ఉడికించి, ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చేసరికి భుజం మీద నల్లటి మచ్చలు. ఏ ఇల్లాలికైనా రేవులోనే ఏదో అంటించారని అనుమానం రావడం సహజం. కూలి తెగ్గోసే ఇళ్లూ ఉంటాయి. నిజానికి ఆ పసరు తోటలోనే పడింది. దాన్ని పైకి తేల్చింది సోడా, వేడి, గాలి. అంతే.

పసరులో కషాయగుణం గల పదార్థాలు ఉంటాయి. గాలి తగిలితే పసరులోనే ఉన్న ఒక ఎంజైము వీటిని గోధుమ, నలుపు రంగుల్లోకి మారుస్తుంది. క్షారం, అంటే చాకలిసోడా, బట్టలసబ్బు వంటివి, ఈ మార్పును తొందర చేస్తాయి. ఇనుము తగిలితే నలుపు మరింత గట్టిపడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయలో తడిపిన గుడ్డ మీద, తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీటితో గీస్తారు. ఆ గీత నల్లగా తేలి, ఉతికినా నిలుస్తుంది. మన చొక్కా మీద జరిగేదీ దాదాపు అదే అద్దకం. కాకపోతే ఎవరూ అడగని అద్దకం. తుప్పుపట్టిన ఇనప బకెట్లోనో, ఎర్రటి తుప్పునీరు వచ్చే బోరు కిందనో నానబెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వంటింటి ఉపాయమే

విరుగుడు మన ఆడవారికి తెలిసినదే. అరటికాయ తరిగిన వెంటనే ముక్కల్ని మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తారు. అరటిపువ్వుకూ అంతే. పులుపు తగిలితే నల్లబడటం మందగిస్తుంది. చొక్కాకు చేయవలసిందీ ఇదే. ఆశ్చర్యమేమంటే, కూర విషయంలో ఇంత జాగ్రత్తపడే ఇంట్లోనే చొక్కాకు మాత్రం నేరుగా సబ్బు రాస్తారు.

పసరు పడిందని తెలియగానే, ఆరకముందే, చన్నీళ్లు ధారగా పోసి వెనకవైపు నుంచి కడగాలి. రుద్దితే చుట్టూ పాకుతుంది. ఆ తర్వాత నిమ్మరసం గానీ, వినిగర్ గానీ, ఏదీ లేకపోతే పుల్లమజ్జిగ మీది తేట గానీ ఆ చోట పోసి పావుగంట వదిలి, మళ్లీ బాగా జాడించాలి. సబ్బు ఆ తర్వాతే. వేడినీళ్లు వద్దు. మచ్చ పోయిందని రూఢి అయ్యేదాకా ఇస్త్రీ పెట్టవద్దు. తోటలో నిమ్మకాయ లేకపోయినా పక్కనే కాలువ నీళ్లుంటాయి. ఆ జాడింపు ఒక్కటి అప్పుడే జరిగినా సగం పని అయినట్టే.

ముదిరిన డాగుకు ఇంత సులువు లేదు. తెల్లని నూలు బట్టయితే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి చూడవచ్చు. లేదా బ్లీచింగ్ ద్రావణం బాగా పలచన చేసి కాసేపు ఉంచి, పలుమార్లు జాడించవచ్చు. నలుపు తగ్గి లేత పసుపు చాయ మిగలడం మామూలే. రంగు బట్టకు బ్లీచింగ్ పెడితే డాగుతోపాటు రంగూ పోతుంది. పట్టుకు, ఉన్నికి దాన్ని అసలు తగలనీయరాదు. పట్టుచీరపై పసరు పడితే చన్నీళ్లతో అద్ది, డ్రైక్లీనింగ్ వారికి ఇది అరటి పసరేనని చెప్పి ఇవ్వడం మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. నిమ్మరసం పనిచేసింది, బ్లీచింగూ పనిచేస్తుంది, రెండూ కలిపితే ఇంకా బాగుంటుందని కొందరు అనుకుంటారు. బ్లీచింగ్‌కు నిమ్మ, వినిగర్, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ వంటి ఏ ఆమ్లం తగిలినా క్లోరిన్ విషవాయువు వస్తుంది. తలుపు మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. చొక్కా మళ్లీ కొనుక్కోవచ్చు.

కిరసనాయిలు రాయమని చెప్పేవారూ ఉన్నారు. అరటి డాగుకు దానివల్ల ప్రయోజనం లేదు. నూనె సరుకు పనికొచ్చేది పనసపాలకు. ఆ జిగురు నీళ్లకు కదలదు, కొబ్బరినూనెకు కరుగుతుంది. నూనె మరకను తర్వాత సబ్బుతో తీయవచ్చు. మామిడి సొన సంగతి మరోటి. అది బట్టకన్నా ముందు ఒంటిని కాలుస్తుంది కనుక మొదట కడుక్కోవలసింది చర్మం.

అసలు పసరు మీద పడకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవక. కోసిన గెలను వెంటనే భుజానికెత్తకుండా, కాడ కిందికి వంచి పసరు కారనివ్వాలి. పసరు కాయల మీద పడితే కాయకూ మచ్చపడి ధర పోతుంది కనుక ఇందులో రైతుకూ లాభమే. కోసిన చోట ఎండుటాకు చుట్టి, భుజాన గోనెపట్టా వేసుకుంటే చొక్కా దక్కుతుంది.

బట్టలు ఉతుకుకు వేసేవారు మాత్రం పసరు పడిన చోట ఒక దారం ముడివేసి, నోటితో కూడా చెప్పి ఇవ్వాలి. ముందే తెలిస్తే ఆ బట్టను సోడా బానలో వేయకుండా పక్కన పెట్టడం వారికి కష్టమేమీ కాదు.