ఆంబుడ్స్‌మన్

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున దినపత్రికలు తిరుగవేయు వృద్ధులకును, అశోక్‌నగర్ శిక్షణాలయములలో పోటీపరీక్షలకై కంఠస్థము చేయు యువకులకును పరిచితమైన ఈ పదము స్వీడను దేశమున పుట్టినది. ప్రభుత్వోద్యోగుల నడవడిని పార్లమెంటు పక్షమున కనిపెట్టియుండు ప్రతినిధిని 1809 నాటి అచ్చటి రాజ్యాంగము ఏర్పరచెను. 1983 చట్టముతో ఆంధ్రప్రదేశమున వెలసిన లోకాయుక్తయు ఆ వంశములోనిదే.

అమెరికాలోని కుమారుని వలస దరఖాస్తు ఏ బల్లపై నిలిచిపోయినదో తెలియక నారాయణగూడలో నిట్టూర్చు తల్లిదండ్రులకు కావలసినది మాత్రము, 2002 నాటి హోంలాండ్ సెక్యూరిటీ చట్టము సృజించిన పౌరసత్వ, వలససేవల ఆంబుడ్స్‌మన్. సాధారణ పరిష్కారకాలము మించిన పిమ్మట, తొలుత ఆ దరఖాస్తును చూచు వలససేవల సంస్థనే అడిగి, ఫలితము కానరానప్పుడు, డీహెచ్‌ఎస్-7001 అను పత్రముతో దరఖాస్తుదారుడు ఈ కార్యాలయము నాశ్రయింపవచ్చును, రుసుము లేదు. అయితే ఈ అధికారి విచారించి సిఫారసు చేయగలడే కాని నిర్ణయమును మార్పజాలడు. ఏ దేశమునకైనను సంఖ్యాపరిమితి గల గ్రీన్‌కార్డులలో 7 శాతము మించరాదను నియమము వలన భారతీయులకు కలుగు దీర్ఘనిరీక్షణమును తీర్చుటయు ఆయన వశము కాదు. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో ఆగిన వీసా ఆ దేశపు విదేశాంగశాఖకు చెందినది. దానికై ఈ ఆంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుట, కిరాణా అంగడిలో రైలు టికెట్టడుగుట వంటిది!

2025 మార్చిలో ఈ కార్యాలయ సిబ్బందిని తొలగింప అమెరికా ప్రభుత్వము పూనుకొనెను. కావున అర్జీదారులు దరఖాస్తు రసీదు సంఖ్యను చేతనుంచుకొని, ముందుగా ఈ కార్యాలయపు ప్రస్తుతస్థితిని విచారించుకొందురు గాక.