గండికోట ఫిరంగి - మెదకు ఫిరంగి

దువ్వూరునకు పడమటి దిక్కున, జమ్మలమడుగు ప్రాంతమున, పెన్నానది లోయపై గండికోట నిలిచియున్నది. ఆయుధ నిర్మాణమును గూర్చి మన దేశము నేర్వదగిన పాఠమొకటి ఆ కోటలోనే కలదని మేము తలంచుచున్నాము.

1652లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా ఆ దుర్గమును వశపరచుకొనెను. ఆ యేటనే అచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వ్రాసినదానిని బట్టి, మీర్ జుమ్లా ఇరువది ఫిరంగులను పోతపోయింప నెంచెను. అందు పది 48 పౌనుల గుండ్లకును, పది 24 పౌనుల గుండ్లకును తగినవి. ఇందులకై యొక ఫ్రెంచివానిని నియమించి, గుళ్ళలోని రాగి విగ్రహములను తెప్పించెను. కాని ఒక్క ఫిరంగియైనను సరిగా పోతకు రాలేదు. పనివాడు కొలువు విడిచి పోయెను. లోహము, ధనము, అధికారము అన్నియు నుండెను. పనితనము మాత్రము పరుల చేతిలో నుండెను.

నేడు తెలుగునేలపై వేరొక ఫిరంగి తయారగుచున్నది. యెద్దుమైలారమున 1984లో వెలసిన మెదకు ఆయుధ కర్మాగారము 'సారథ్' అను పదాతిదళ యుద్ధశకటమును నిర్మించుచున్నది. దాని ఫిరంగి గొట్టపు వ్యాసము 30 మిల్లీమీటర్లు. కవచమును ఛేదించు గుండ్లను, పేలి చెదరు గుండ్లను వేర్వేరు వరుసలనుండి అందుకొని, అవసరమును బట్టి ప్రయోగింపగలదు.

ఈ ఫిరంగియే 'సి.ఆర్.ఎన్.-91' అను పేర నౌకాదళమునకును, తీర రక్షక దళమునకును చెందిన గస్తీ ఓడల కెక్కినది. చిన్న పడవలపై పెద్ద ఫిరంగి వృథా, మరతుపాకి చాలదు. ఈ రెంటికి నడుమ నిలుచునది యిదియే. అయితే నేలమీది ఆయుధమును కడలికి దించుట సులభము గాదు. అలలకు ఓడ యూగుచుండగా గురి చెదరరాదు; ఉప్పుగాలికి ఉక్కు చెడరాదు. కావుననే గురిచూచు యంత్రమును నిలకడగల పీఠముపై వేరుగా నమర్చి, ఫిరంగిని దూరమునుండి నడపుదురు.

ఇది కొనియాడదగిన కృషియే. ఐనను దీని మూలరూపము సోవియట్ దేశమునుండి వచ్చినదని మరువరాదు. పరుల నమూనాను అనుసరించి చేయుట యొక మెట్టు. స్వయముగా కల్పించుట దానిపై మెట్టు. మన కర్మాగారములయందు పరిశోధనకు తగిన ధనమును, ప్రొద్దుటూరు వంటి పట్టణముల కళాశాలలలో చదువు యువకులకు అచ్చట ప్రవేశమును కల్పింపవలెను. 2021లో ఆయుధ కర్మాగారములు ప్రభుత్వ సంస్థలుగా మార్పుచెందినవి. పేరు మారినంత మాత్రమున విద్య పెరుగదు. రాబోవు ఫిరంగి మన బుద్ధినుండి పుట్టిననాడే గండికోట పాఠమును మనము నేర్చినవారమగుదుము.