విండోస్ అకౌంట్ ఫొటో: ఇంట్లో ఒకటే కంప్యూటరా? ఎవరి అకౌంట్ ఏదో ఫొటోతోనే తెలిసేలా ఇలా సెట్ చేసుకోండి.. ఈ తప్పులు మాత్రం చేయొద్దు!

ఇంట్లో ఉండేది ఒకటే కంప్యూటర్. పొద్దున్నే నాన్న కరెంట్ బిల్లు కట్టాలి. మధ్యాహ్నం కాలేజీ అమ్మాయి ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేసుకోవాలి. సాయంత్రం తమ్ముడికి గేమ్ కావాలి. రాత్రి తాతయ్య అమెరికాలో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడాలి. అందరూ ఒకే అకౌంట్‌లో ఇవన్నీ చేస్తే ఏమవుతుందో చాలా ఇళ్లలో అనుభవమే. గేమ్‌కి చోటు లేదని తమ్ముడు ఫైళ్లు డిలీట్ చేస్తాడు, అందులో అక్క రిపోర్ట్ కూడా పోతుంది. నాన్న మెయిల్ తెరిచి ఉండగానే ఎవరో కూర్చుని ఏదో నొక్కేస్తారు.

దీనికి పరిష్కారం ఒకరికో అకౌంట్ పెట్టుకోవడమే. ఈ సంగతి చాలామందికి తెలుసు. కానీ అకౌంట్లు పెట్టాక కూడా గందరగోళం పోదు. ఎందుకంటే కంప్యూటర్ ఆన్ చేయగానే అన్ని పేర్ల పక్కనా ఒకేలాంటి బొమ్మ కనిపిస్తుంది. తల, భుజాలు మాత్రమే ఉండే ఆ బొమ్మలో తాతయ్య ఎవరో, తమ్ముడు ఎవరో తెలియదు. పేర్లు ఇంగ్లిష్‌లో ఉంటే చదవలేని పెద్దవాళ్లు, ఇంకా అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలు తికమకపడతారు. అక్కడే అకౌంట్ ఫొటో పనికొస్తుంది. చూడ్డానికి చిన్న విషయమే, కానీ ఇంటి గుమ్మానికి నేమ్ ప్లేట్ లాంటిది.

అయితే ఆ నేమ్ ప్లేట్‌ను ఇంట్లో వాళ్లు ఒక్కరే చూడరు. ఫొటో ఎలా మార్చాలి? ఎక్కడెక్కడ కనిపిస్తుంది? పాత ఫొటో ఎలా తీసేయాలి? పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

బాతు బొమ్మ గుర్తుందా?

2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు లాగిన్ స్క్రీన్ మీద పేరు పక్కన ఒక చిన్న చదరపు బొమ్మ ఉండేది. పసుపు రంగు రబ్బరు బాతు, చెస్ పావులు, గిటార్, కప్ప.. అప్పట్లో ఇంటర్నెట్ సెంటర్లకు వెళ్లినవాళ్లకు ఇవన్నీ గుర్తుండే ఉంటాయి. విండోస్ 7లోనూ అలాంటి రెడీమేడ్ బొమ్మలు వచ్చేవి. నచ్చింది ఎంచుకుంటే సరిపోయేది. పైగా కంప్యూటర్‌కు అడ్మిన్‌గా ఉన్నవాళ్లు కంట్రోల్ ప్యానెల్ నుంచి ఇంట్లో మిగతావాళ్ల బొమ్మలు కూడా మార్చేయగలిగేవారు.

విండోస్ 10, 11లో పద్ధతి మారింది. చదరం పోయి గుండ్రటి ఫొటో వచ్చింది. రెడీమేడ్ బొమ్మల జాబితా తీసేశారు. ఎవరి ఫొటో మార్చాలంటే వాళ్ల అకౌంట్‌లోకే లాగిన్ అవ్వాలి. అందుకే అమ్మ అకౌంట్‌లో కూర్చుని తాతయ్య ఫొటో ఎక్కడ మార్చాలా అని వెతికితే దొరకదు.

ముందు అకౌంట్లు వేరు చేయండి

ఇప్పటికీ అందరూ ఒకే అకౌంట్ వాడుతుంటే ముందు ఈ పని చేయాలి. విండోస్ 11లో అయితే..

స్టెప్ 1: కీబోర్డ్ మీద విండోస్ గుర్తు ఉన్న బటన్, ఐ అక్షరం కలిపి నొక్కండి. సెట్టింగ్స్ తెరుచుకుంటుంది.

స్టెప్ 2: ఎడమవైపు 'అకౌంట్స్' నొక్కి, అందులో 'అదర్ యూజర్స్'లోకి వెళ్లండి. 'యాడ్ అకౌంట్' బటన్ నొక్కండి.

స్టెప్ 3: ఈమెయిల్ అడుగుతుంది. చిన్నపిల్లలకు, పెద్దవాళ్లకు ఈమెయిల్ లేకపోతే కంగారు పడక్కర్లేదు. వీళ్ల సైన్ ఇన్ వివరాలు లేవు అని చెప్పే లింక్ కింద ఉంటుంది, అది నొక్కాలి. తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను చేర్చే ఆప్షన్ వస్తుంది.

స్టెప్ 4: పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ పెడితే మూడు సెక్యూరిటీ ప్రశ్నలు కూడా అడుగుతుంది. పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు అవే దారి చూపిస్తాయి కాబట్టి జవాబులు గుర్తుండేవే ఇవ్వండి.

ఇలా పెట్టిన దాన్ని లోకల్ అకౌంట్ అంటారు. అంటే ఆ కంప్యూటర్ వరకే పనిచేసే అకౌంట్. కొత్తగా చేర్చిన అకౌంట్ 'స్టాండర్డ్' రకంగా వస్తుంది. దాన్ని అలాగే ఉంచడం మంచిది. స్టాండర్డ్ అకౌంట్‌లో ఉన్నవాళ్లు వేరేవాళ్ల ఫోల్డర్లు తెరవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. తమ్ముడి చేతిలో అక్క రిపోర్ట్ ఫైల్ ఎగిరిపోయే బాధ దీంతో తప్పుతుంది. పెళ్లి ఫొటోల్లాంటివి అందరూ చూడాలంటే సీ డ్రైవ్‌లో 'యూజర్స్' ఫోల్డర్ లోపల 'పబ్లిక్' అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో పెట్టుకోవచ్చు.

ఫొటో మార్చడం ఇలా..

ఎవరి ఫొటో పెట్టాలో వాళ్ల అకౌంట్‌లోకి లాగిన్ అవ్వండి. సెట్టింగ్స్, అకౌంట్స్, ఆ తర్వాత 'యువర్ ఇన్ఫో'. ఫొటోకు సంబంధించి అక్కడ రెండు దారులు ఉంటాయి. 'ఓపెన్ కెమెరా' నొక్కితే వెబ్‌క్యామ్‌తో అప్పటికప్పుడు తీసుకోవచ్చు. 'బ్రౌజ్ ఫైల్స్' నొక్కితే కంప్యూటర్‌లో ఉన్న ఫొటో ఎంచుకోవచ్చు. విండోస్ 10లోనూ దారి ఇదే, బటన్ల పేర్లు మాత్రం కొంచెం వేరుగా ఉంటాయి.

ఆపిల్ మ్యాక్ వాడేవాళ్లు ఎడమవైపు పైన ఉండే ఆపిల్ గుర్తు నొక్కి 'సిస్టమ్ సెట్టింగ్స్'లోకి, అక్కడి నుంచి 'యూజర్స్ అండ్ గ్రూప్స్'లోకి వెళ్లాలి. పేరు పక్కనున్న బొమ్మ మీద క్లిక్ చేస్తే సొంత ఫొటోతో పాటు మెమోజీ, ఎమోజీ, పేరులోని అక్షరాలతో చేసే మోనోగ్రామ్ లాంటివి కూడా వస్తాయి.

ముఖం పగానికి తెగిపోతోందా?

చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. ఫోన్‌లో నిలువుగా తీసిన ఫొటో పెడితే నుదురు తెగిపోతుంది, లేకపోతే చొక్కా మాత్రమే కనిపిస్తుంది. విండోస్ గుండ్రంగా చూపించేది ఫొటో మధ్య భాగాన్నే. అందుకే ముందే 'ఫొటోస్' యాప్‌లో తెరిచి, ఎడిట్‌లోకి వెళ్లి, క్రాప్‌లో చదరం ఆకారం ఎంచుకుని ముఖం మధ్యలోకి వచ్చేలా కత్తిరించి సేవ్ చేయాలి. నాలుగు మూలల్లో ఉన్నది గుండ్రటి ఫ్రేమ్‌లో కనిపించదు కాబట్టి ముఖం చుట్టూ కాస్త ఖాళీ వదలాలి.

సైజ్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. విండోస్ తనతో పాటు తెచ్చే మామూలు బొమ్మ 448 పిక్సెల్స్ వెడల్పు, 448 పిక్సెల్స్ ఎత్తు ఉంటుంది. మీ ఫొటో అంతకంటే చిన్నగా లేకపోతే చాలు. ఐఫోన్‌లో తీసిన ఫొటో కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే అది హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో ఉండొచ్చు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే ఇకపై తీసేవి జేపీజీలో సేవ్ అవుతాయి.

తాతయ్య, నాన్నమ్మలకు ఏ బొమ్మ పెట్టాలి?

సొంత ముఖమే పెట్టాలని రూలేం లేదు. స్క్రీన్ మీద ఆ బొమ్మ చిన్నగానే కనిపిస్తుంది. చూపు మందగించిన పెద్దవాళ్లకు నలుగురి ముఖాలు పక్కపక్కన ఉంటే తేడా తెలియడం కష్టం. దానికి బదులు ఒక్కొక్కరికి ఒక రంగు, ఒక వస్తువు పెట్టి చూడండి. తాతయ్యకు ఎర్ర మందారం, నాన్నమ్మకు పసుపు బంతిపువ్వు, పిల్లాడికి నీలం రంగు గాలిపటం. వెనకాల ఏమీ లేకుండా ఒకే వస్తువు పెద్దగా కనిపించేలా ఉండాలి. 'ఎర్ర పువ్వు మీద నొక్కు తాతయ్యా' అని ఫోన్‌లో చెప్పినా అర్థమవుతుంది. పండగకు తీసిన గ్రూప్ ఫొటో ఎంత బాగున్నా దీనికి పనికిరాదు, గుండ్రటి ఫ్రేమ్‌లో ఎవరి ముఖమూ గుర్తుపట్టలేం.

పేరును కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. ఇక్కడో చిట్కా ఉంది. అకౌంట్ సృష్టించేటప్పుడు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వండి. ఎందుకంటే ఆ పేరుతోనే సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తయారవుతుంది. ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు మొరాయిస్తాయి. అకౌంట్ తయారయ్యాక కంట్రోల్ ప్యానెల్, యూజర్ అకౌంట్స్‌లోకి వెళ్లి అకౌంట్ పేరు మార్చే ఆప్షన్‌తో 'తాతయ్య' అని తెలుగులో టైప్ చేయండి. స్క్రీన్ మీద పేరు మారుతుంది, లోపలి ఫోల్డర్ పేరు మారదు. లోకల్ అకౌంట్లకు ఈ పద్ధతి పనికొస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే!

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. లోకల్ అకౌంట్‌లో పెట్టిన ఫొటో ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. కానీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో, అంటే ఈమెయిల్ ఐడీతో లాగిన్ అయి ఉంటే అలా కాదు. ఇంట్లో కంప్యూటర్‌లో మార్చిన ఫొటో ఆన్‌లైన్‌లో ఉండే ఆ అకౌంట్‌కు కూడా వెళ్తుంది. అదే అకౌంట్‌తో వాడే ఔట్‌లుక్ లాంటి సర్వీసుల్లోనూ అదే కనిపిస్తుంది. సరదాగా పెట్టిన సినిమా హీరో ఫొటో ఉద్యోగానికి పంపిన మెయిల్ పక్కన ప్రత్యక్షమైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మ్యాక్‌లోనూ అంతే. అక్కడ పెట్టిన ఫొటో ఆపిల్ అకౌంట్ ఫొటోగా కూడా మారుతుంది.

ఏ అకౌంట్‌తో ఉన్నారో తెలుసుకోవడం సులువే. 'యువర్ ఇన్ఫో' పేజీలో పేరు కింద 'లోకల్ అకౌంట్' అని ఉంటే అది కంప్యూటర్ వరకే. ఈమెయిల్ ఐడీ కనిపిస్తే ఫొటో బయటికి వెళ్తుందని అర్థం. పిల్లల ఫొటో పెట్టే ముందు ఇది తప్పకుండా చూసుకోవాలి.

రెండో విషయం.. లాగిన్ స్క్రీన్ మీద ఫొటో పాస్‌వర్డ్ కొట్టకముందే కనిపిస్తుంది. అంటే కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతి ఒక్కరూ చూస్తారు. రిపేర్ షాపులో ఇచ్చినా, ఎవరికైనా అప్పుగా ఇచ్చినా అంతే. అందుకే స్కూల్ పేరు ఉన్న యూనిఫామ్, ఐడీ కార్డు, ఇంటి నంబర్ బోర్డు, బండి నంబర్ ప్లేట్ కనిపించే ఫొటోలు పెట్టొద్దు.

మూడోది.. ఫొటో తాళం కాదు. నాన్న ఫొటో ఉన్నంత మాత్రాన ఆ అకౌంట్‌లోకి నాన్న ఒక్కరే వెళ్తారని లేదు. పాస్‌వర్డ్ కానీ పిన్ కానీ లేకపోతే ఎవరైనా నొక్కి వెళ్లిపోవచ్చు. కంప్యూటర్ ముందు నుంచి లేచేటప్పుడు విండోస్ బటన్, ఎల్ అక్షరం కలిపి నొక్కితే స్క్రీన్ లాక్ అవుతుంది. ఇంట్లో అందరికీ అలవాటు చేయాల్సిన పని ఇది.

పాత ఫొటో తీసేయాలంటే?

కొత్త ఫొటో పెట్టగానే పాతది పోయిందనుకుంటారు. నిజానికి పోదు. అకౌంట్ ఫొటోల కోసం విండోస్ ఒక ప్రత్యేక ఫోల్డర్ పెట్టుకుంటుంది. సీ డ్రైవ్‌లో 'యూజర్స్' తెరిచి మీ పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్లండి. అక్కడి నుంచి 'యాప్‌డేటా', 'రోమింగ్', 'మైక్రోసాఫ్ట్', 'విండోస్' ఫోల్డర్లు దాటుకుంటూ వెళ్తే 'అకౌంట్ పిక్చర్స్' దొరుకుతుంది. అక్కడున్న పాత ఫొటోలు డిలీట్ చేసుకోవచ్చు. 'యాప్‌డేటా' దాచి ఉంచిన ఫోల్డర్. కనిపించకపోతే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' మెనూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ కనిపించేలా టిక్ పెట్టాలి.

అసలు ఏ ఫొటో వద్దు, మొదట ఉన్న మామూలు బొమ్మే కావాలి అనుకుంటే? సీ డ్రైవ్‌లో 'ప్రోగ్రామ్‌డేటా' అనే మరో దాచిన ఫోల్డర్ ఉంటుంది. అందులో 'మైక్రోసాఫ్ట్', దాని లోపల 'యూజర్ అకౌంట్ పిక్చర్స్' ఉంటాయి. 'బ్రౌజ్ ఫైల్స్' నొక్కి అక్కడికి వెళ్లి 'యూజర్' అనే పేరున్న బొమ్మ ఎంచుకుంటే పాత రూపం తిరిగి వస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ వాడేవాళ్లు మాత్రం వెబ్‌సైట్‌లో తమ ప్రొఫైల్ పేజీలో ఫొటో మారిందో లేదో ఒకసారి చూసుకోవాలి. అక్కడ తీసేస్తేనే పని పూర్తయినట్టు. కొత్త ఫొటో అన్నిచోట్లా కనిపించడానికి కొంత సమయం పట్టొచ్చు. వెంటనే మారలేదని పదేపదే అప్‌లోడ్ చేయక్కర్లేదు, ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అయి చూడండి.

ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే?

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఫొటో మార్చే ఆప్షన్ పనిచేయకపోతే అది లోపం కాకపోవచ్చు. అందరికీ ఒకే బొమ్మ ఉండేలా లాక్ చేసే వీలు అడ్మిన్లకు ఉంటుంది. స్కూల్ ల్యాబ్‌లలోనూ ఇలా చేయొచ్చు. అలాంటప్పుడు సొంతంగా ప్రయత్నాలు చేయకుండా ఐటీ విభాగాన్ని అడగడమే మేలు.

ఇంకో ముఖ్య విషయం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంట్లో కంప్యూటర్ ఇంకా దానిమీదే నడుస్తుంటే, అకౌంట్లు సర్దుకునే పనిలోనే సెట్టింగ్స్‌లో 'విండోస్ అప్‌డేట్' కూడా తెరిచి, విండోస్ 11కు మారే వీలుందేమో చూసుకోండి.

మొత్తానికి ఒక సెలవు రోజు గంటసేపు కేటాయిస్తే ఇంటిల్లిపాదికీ అకౌంట్లు, ఫొటోలు సిద్ధమైపోతాయి. ఫొటో ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇంట్లో అందరికంటే తక్కువ చదవగలిగిన మనిషి దీన్ని చూసి తన అకౌంట్ గుర్తుపట్టగలరా? ఇంటి బయటివాళ్లు చూసినా ఇబ్బంది లేదా? రెండింటికీ అవును అనే జవాబు వస్తే ఆ ఫొటో పెట్టేయండి.